పిడికెడు బియ్యం

"పైన పటారం, లోన లొటారం" అనే సామెతను మనం తరచుగా వాడుతూ ఉంటాము. "నివురు గప్పిన నిప్పు" అనే మాట కూడా మన భాషలో ఉన్నది. అయితే పై మెరుగును చూచి మోసపోయినప్పుడు కలిగే బాధ, నివురును చూచి నిప్పు లేదనుకొన్నప్పుడు మనకు కలుగదు. ఆ రెండవ పొరపాటులో నష్టపడేది ఎదుటివారు కదా! అట్టి పొరపాటు ఒకటి మావల్ల కూడా జరిగినది.

కొన్ని సంవత్సరాల క్రిందట పరీక్షల పనిమీద కొత్తగూడెం వెళ్తూ డోర్నకల్ జంక్షనులో బండి మారవలసి వచ్చింది. తరువాతి బండికి మూడు గంటల వ్యవధి ఉన్నది. అసర్ నమాజు వేళ సమీపించినది. ఊరిలోనికి నడువగా చెట్ల మీదుగా గుమ్మటాలు, మినారులు కనిపించాయి. మసీదే అనుకొని నిశ్చింతగా ఆవరణలో అడుగు పెట్టాము. అక్కడ ఆకులు ఊడుస్తున్న ఒక వృద్ధురాలు మా తలపై టోపీ చూచి నవ్వి, "మసీదు గాదు సారూ, ఇది మా గుడి. మసీదు అటు దిక్కున్నది" అని దారి చూపింది. నమాజు ముగించుకొని, కుతూహలం కొద్దీ మరల అక్కడికే వచ్చాము.

అది 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కెథెడ్రల్. గుమ్మటాలు ముస్లిం శిల్పాన్ని, స్తంభాలు ద్రావిడ దేవాలయ శిల్పాన్ని తలపిస్తాయి. దాని నిర్మాణానికి పూనుకొన్నవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో ఒక గ్రామ గురువు ఇంట జన్మించిన ఆయన, నిజాం రాజ్యంలోని ఈ ఊరికి వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన కూలీలు.

వృద్ధురాలిని "అవ్వా, ఇంత కట్టడాన్ని, ఇంత సంఘాన్ని పేదవారు ఎట్లా నిలబెట్టుకొన్నారు?" అని అడిగాము. "పిడికెడు బియ్యం సారూ" అన్నదామె. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవారు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారట. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెచ్చేవారట. "మా అత్త తీసేది. నేనూ తీస్తున్న. మాకు తక్కువైన దినాన గూడ తీసినం" అని ఆమె మరల చీపురు అందుకొన్నది. అజరయ్య కాలంలో ఆ మేత్రాసనమంతటా పాదుకొన్న ఆచారమది.

మా అమ్మ మదర్సా పిల్లల కోసం తీసి ఉంచే పిడికెడు బియ్యం మాకు జ్ఞాపకం వచ్చింది. ఆ వెనువెంటనే మరొక జ్ఞాపకం వచ్చి మా తల వంచివేసింది.

ఎం.ఏ. చదివే రోజులలో మా హాస్టలులో ఒక క్రైస్తవ మిత్రుడుండేవాడు. రెండే చొక్కాలు, మితభాషి. రంజాను నెలలో ప్రతి తెల్లవారుజామున మా తలుపు తట్టి సహరీకి లేపేవాడు. ఒక రాత్రి భోజనశాలలో అతడు మారు అన్నం అడుగగా ఎవరో, "బియ్యానికే కదా వీళ్లు మతం మారినది!" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. అతడు పళ్లెం తీసుకొని లేచి వెళ్లాడు. మరునాడు తెల్లవారుజామున యథాప్రకారం మా తలుపు తట్టాడు. అతని మౌనాన్ని మేము పిరికితనమనుకొన్నాము.

1930లలో గాంధీజీ వంటి మహనీయుడు సైతం, నిరుపేద హరిజనుల మతాంతరీకరణలో ఆధ్యాత్మికత ఉన్నదా అని సందేహించారు. అజరయ్య అంగీకరించలేదు. పేదవానికి ఆకలి ఉన్నంత మాత్రాన ఆత్మ లేకపోదని ఆయన విశ్వాసం. ఆ వాదానికి గ్రంథాలలో ఎన్ని సమాధానాలున్నా, మాకు దొరికిన సమాధానం ఒక కుండలో ఉన్నది. బియ్యం కోసం వచ్చారని లోకం ఎవరిని ఎగతాళి చేసినదో, వారే తమ ఎసటి నుండి బియ్యం తీసి ఇస్తూ వచ్చారు!

విద్యార్థి మిత్రులారా! గుమ్మటాన్ని చూచి మసీదనుకోవడం నవ్వుకోదగిన పొరపాటు. చిరుగుచొక్కాను చూచి మనిషిని తూచడం నవ్వుకోదగినది కాదు.

ఇంటికి చేరగానే ఆ మిత్రుని చిరునామా వెదకి, క్షమాపణ కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం వ్రాశాము. పది రోజులకు సమాధానం వచ్చింది. అందులో మా క్షమాపణ ప్రసక్తి లేదు. ఒక్క ప్రశ్న మాత్రమున్నది:

"ఇప్పుడు సహరీకి ఎవరు లేపుతున్నారు?"