బడా పహాడ్, బడీ నహర్

నిజామాబాద్ జిల్లా వర్ని మండలంలో గుట్ట మీదున్న దర్గాకు రెండు పేర్లు. తెలుగులో పెద్దగుట్ట, ఉర్దూలో బడా పహాడ్. మా వైపు అందరూ రెండూ వాడతారు. సరిహద్దు దాటి మహారాష్ట్ర నుంచి వచ్చే భక్తులకు రెండోదే తెలుసు. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, హిందీ నేర్చుకునే తెలుగు పిల్లలకు ఎక్కడ చిక్కు పడుతుందో అక్కడే కనిపిస్తుంది. మన 'పెద్ద' దేని ముందు నిలబడ్డా మారదు. పెద్ద కొడుకు, పెద్ద బిడ్డ, పెద్ద గుట్ట, పెద్ద కాలువ. హిందీలో కొడుకు బడా, బిడ్డ బడీ. అంతవరకు ఎవరికైనా తెలిసిపోతుంది. గుట్ట కూడా బడానే. కాని దాని కింద పొలాలు తడిపే నిజాంసాగర్ కాలువ బడీ నహర్. ఆ నహర్ స్త్రీలింగం, అందులో పారే పానీ మళ్ళీ పుంలింగం. నీళ్ళు వదిలిన రోజు "నహర్ ఆయీ" అన్నా, "పానీ ఆయా" అన్నా చెప్పేది ఒకటే. క్రియ మాత్రం రెండు రూపాలు తొడుక్కుంటుంది.

1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు మా ఊళ్ళకు ఇంకో యాసను తెచ్చిపెట్టింది. మంజీర నీళ్ళ కోసం కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఉర్దూ అంతకుముందు నుంచే ఉంది, కచేరీలోనూ బజారులోనూ. బోధన్ దాటితే మరాఠీ. అందుకే ఇక్కడి పిల్లలు ఆరో తరగతిలో హిందీ పుస్తకం తెరిచేనాటికి ఆ భాష ఎలా నడుస్తుందో చెవికి ఎంతోకొంత తెలిసే ఉంటుంది. బడి ఆ సంగతి పట్టించుకోదు. అక్షరాల నుంచి మొదలుపెట్టి, వాళ్ళకేమీ తెలియదన్నట్టే పోతుంది.

నిజానికి వాక్యం నడక గురించి మన పిల్లలకు చెప్పాల్సింది చాలా తక్కువ. "నేను రోజూ బస్సులో బోధన్ పోతాను" అన్న వాక్యం కింద "మైఁ రోజ్ బస్ సే బోధన్ జాతా హూఁ" అని రాసి చూడండి, మాట కింద మాట వరుసగా పడుతుంది. ముందు కర్త, చివర క్రియ, నామవాచకానికి వెనక విభక్తి. ఇంగ్లిష్‌లో ఇదే వాక్యం చెప్పాలంటే పిల్లవాడు లోపల తలకిందులు కావాలి. హిందీలో ఆ శ్రమ లేదు. తేడా వచ్చేచోట్లు కొన్నే. మనం "ఇది పుస్తకం" అని ఆగిపోతాం, హిందీకి చివర 'హై' పడాలి. మనకు లేదనడం క్రియ వెనక వస్తుంది, వాళ్ళకు 'నహీఁ' క్రియకు ముందు. ప్రశ్న అడిగేటప్పుడు పుస్తకం 'క్యా'ను వాక్యం మొదట పెట్టమంటుంది.

మా బజారులో వినిపించే దక్కనీ అలా పెట్టదు. "తుమ్ ఆతే క్యా?" అంటుంది. "నువ్వు వస్తావా?" అన్నప్పుడు మన దీర్ఘం ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే దాని 'క్యా'. "రేపు వస్తానని చెప్పాడు" అనడానికి "కల్ ఆతా బోల్‌కే బోలా" అంటారు. మన 'అని' ఉన్నచోటే 'బోల్‌కే' కూర్చుంది. వందల ఏళ్ళు తెలుగు పక్కన బతికిన భాష అది. దాన్ని విరిగిన హిందీ అంటే నాకు బాధ కలుగుతుంది. 1580 నుంచి 1612 వరకు గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష దక్కనీయే. బడిలో చెప్పే ప్రామాణిక హిందీ దానికంటే చాలా చిన్నది, వయసులో.

ఇక లింగం దగ్గరికి వస్తే, తెలుగుకు లింగం లేదనుకోవడం పొరపాటు. ఉంది, దాని దారి వేరు. అన్న వచ్చిండు. అక్క వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. అక్క ఒక్కతే వస్తే వ్యాకరణం ఆమెను బర్రెతో, బస్సుతో ఒకే వరుసలో నిలబెడుతుంది. నలుగురు అక్కలు వస్తే "వచ్చిన్రు" అని మగవాళ్ళ వరుసలోకి మారుస్తుంది. బర్రెలు "వచ్చినయి" అని విడిగా ఉండిపోతాయి. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని విడదీసి చెప్పింది ఈ సంగతే. దీన్ని మనం రోజూ మాట్లాడుతూ ఒక్కసారైనా ఆగి చూడం. హిందీ టీచరు ముందుగా ఈ నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, "మన భాష ఇలా పంచుకుంది, హిందీ ఇంకోలా పంచుకుంది" అంటే పిల్లలకు లింగం అనేది పరాయి వింతగా తోచదు. హిందీలో పుంలింగం, స్త్రీలింగం అని రెండే గదులు, మూడోది లేదు. నిజామాబాద్ పసుపు, బోధన్ చెరకు, ఇంటి గోడ, కళ్ళాపి నీళ్ళు, అన్నీ ఆ రెండు గదుల్లోనే సర్దుకోవాలి.

చెరకు సంగతే చూడండి. గన్నా పుంలింగం. పిండితే వచ్చే రస్ పుంలింగం. వండితే అయ్యే గుడ్ కూడా పుంలింగమే. గట్టిపడి పలుకు కట్టాక షక్కర్ అనండి, చీనీ అనండి, స్త్రీలింగం. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన కాలనీ పేరే శక్కర్‌నగర్. 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కార్మికులు కార్‌ఖానా అనుకుంటే "బంద్ హో గయా", మిల్ అనుకుంటే "బంద్ హో గయీ". ఒకే గోడలు, ఒకే గొట్టం, ఒకే నష్టం. లింగం ఆ వస్తువుది కాదు, దానికి పెట్టిన పేరుది. ఈ ఒక్క మాట అర్థమైతే పిల్లలు "గోడ ఆడదెలా అవుతుంది?" అని అడగడం మానేస్తారు.

నన్ను ఎక్కువగా ఆపేది ఇంకో విషయం. తెలుగులో 'నేను'కు లింగం లేదు. నేను వస్తాను అన్నది ఎవరో క్రియ చెప్పదు. హిందీలో "నేను వెళ్తాను" అనాలంటే ముందు నేను ఆడో మగో చెప్పుకోవాలి. జాతా హూఁ, జాతీ హూఁ. తరగతిలో టీచరు "మైఁ స్కూల్ జాతా హూఁ" అని చెప్పి అందరిచేత అనిపిస్తారు. అమ్మాయిలూ గొంతెత్తి అదే అంటారు. తమ గురించి తాము హిందీలో చెప్పుకునే మొట్టమొదటి వాక్యంలోనే వాళ్ళు అబ్బాయిలైపోతారు. ఎవరూ కావాలని చేసింది కాదు, నాకు తెలుసు. కాని ఆ అలవాటు ఏళ్ళ తరబడి వదలదు. పెద్దయ్యాక నాగపూర్‌లోనో ఢిల్లీలోనో ఉద్యోగానికి వెళ్ళిన మా ఆడపిల్లలు "ఆతా హూఁ" అంటే చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు ఎంత లోతుగా తగులుతుందో పడ్డవాళ్ళకే ఎరుక. మొదటి రోజే తరగతిని రెండుగా చేసి, ఒక పక్క జాతా, ఒక పక్క జాతీ అనిపిస్తే పోయేదేముంది?

కా, కీ దగ్గర కూడా పిల్లల తర్కం న్యాయమైనదే. సీత ఆడపిల్ల కాబట్టి 'సీతా కీ ఘర్' అంటారు. హిందీకి సీతతో పని లేదు, ఇంటితో పని. ఘర్ పుంలింగం కాబట్టి సీతా కా ఘర్. రాముడి ఆవైతే రామ్ కీ గాయ్. ఇక 'నే' వచ్చిందంటే తిన్నవాణ్ణి వదిలేసి క్రియ తిన్న వస్తువు వెంట పోతుంది. మైఁనే రోటీ ఖాయీ, మైఁనే చావల్ ఖాయా. అబ్బాయి నోట ఖాయీ రావడం మన పిల్లలకు ఎంతకీ మింగుడుపడదు. దక్కనీ ఇక్కడ మనతోనే ఉంది. "మైఁ రోటీ ఖాయా" అంటుంది, తిన్నవాడే లెక్క. బజారులో అది ఒప్పు, జవాబు పత్రంలో ఎర్రగీత. పిల్లవాడికి ఈ రెండింటికీ వేర్వేరు నియమాలున్నాయని చెప్పేవాళ్ళు లేరు. పదో తరగతి హిందీకి 20 మార్కులొస్తే పాసే కాబట్టి అడిగేవాళ్ళూ తక్కువ.

ఈమధ్య నాట్ల కాలంలో బిహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు. రైసుమిల్లుల్లో హమాలీలూ ఎక్కువగా బిహార్‌వాళ్ళే. బెంగాలీలో క్రియకు లింగమే లేదు. అలాంటి భాష నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మాట్లాడే రైతమ్మ, మధ్యలో దక్కనీ మాట్లాడే ట్రాక్టర్ డ్రైవరు, ముగ్గురూ పొలం గట్టున హిందీలోనే మాట్లాడుకుంటారు. కూలి, నారుకట్టలు, చాయ్, అన్నీ తేలిపోతాయి. అక్కడ లింగం తప్పితే పని ఆగదు. అయినా రైతమ్మ కూతురికి సరైన హిందీ రావాలనే నేను కోరుకుంటాను. ఆమె రేపు ఈ గట్టు దాటి పోతుంది.

దానికి పట్టికలు బట్టీ పట్టించనక్కర్లేదు. మాటను ఒంటరిగా నేర్పకుండా, పక్కనే ఒక క్రియను కట్టి నేర్పితే చాలు. పానీ ఆయా, బిజ్లీ ఆయీ. బస్ ఆయీ, ట్రక్ ఆయా. నిజామాబాద్ స్టేషన్‌లో మైకు రోజంతా "గాడీ ఆ రహీ హై" అనే చెబుతుంది, అదీ పాఠమే. వర్నిలో కోతలప్పుడు పొలం దగ్గర నిలబడ్డ పిల్లలకు ఒకే బండిలో రెండు లింగాలూ దొరుకుతాయి: ట్రాక్టర్ ఆయా, ట్రాలీ నహీఁ ఆయీ.