గోల్ఫ్ గురించి మనకెందుకు అనుకోకండి



ఈ గ్రూపులో మనం స్కాలర్‌షిప్పుల గురించి, పోడు పట్టాల గురించి, హాస్టల్ అన్నం గురించి, నోటిఫికేషన్ల గురించి రాసుకుంటుంటాం. ఈసారి మేం గోల్ఫ్ గురించి రాస్తున్నాం. నవ్వొస్తే నవ్వండి గానీ చివరిదాకా చదవండి. ఇందులో మేం చేసిన ఒక తప్పు ఉంది. అది మీరెవరూ చేయకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాం.

గోల్ఫ్ అనేది ఒకటుందని మాకు తెలిసింది గుట్ట మీద. 2021 ఆగస్టు. కాలేజీలు మూసి ఉన్నాయి. మా గూడెంలో సిగ్నల్ రాదు కాబట్టి ఊరి వెనక గుట్ట ఎక్కి, ఒక బండ మీద కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినేవాళ్లం. 7వ తేదీ శనివారం పొద్దున ఫోన్ తెరిస్తే అందరి స్టేటస్‌లలో ఒకటే పేరు, అదితి అశోక్. టోక్యో ఒలింపిక్స్‌లో గోల్ఫ్ చివరి రౌండ్. ప్రపంచ ర్యాంకు 200 ఉన్న బెంగళూరు అమ్మాయి మూడు రౌండ్లు అయ్యేసరికి రెండో స్థానంలో ఉంది. ఆమె బ్యాగు మోస్తున్నది వాళ్లమ్మ! మాకు ఆట తెలియదు, అయినా క్లాసు వదిలేసి స్కోరు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం పోయింది, నాలుగో స్థానం. అదే రోజు సాయంత్రం నీరజ్ చోప్రా బల్లెం విసిరి బంగారం తెచ్చాడు, దేశం అటు తిరిగింది. మాకు మాత్రం ఆ అమ్మాయే గుర్తుండిపోయింది.

ఆ వారమంతా వెతికాం. ఇందులో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్లే గెలుస్తారంట. 18 గుంటలు, సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు, గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. అంతా చదివాక మాలో ఒకడు అన్నాడు, "ఇది పెద్దోళ్ల గోలీలాట రా!" నిజమే కదా. చిర్రగోనె కర్రతో కొట్టుడు, గోలీలు గుంటలో వేసుడు, రెండూ కలిపితే ఇంతే. ఇంటికొచ్చి అవ్వకు చెప్పాం. ఒక మైదానానికి నూరెకరాలకు పైనే కావాలంటే ఆమె అడిగింది, "అంత భూమిల ఏం పండిస్తరు?"

"గడ్డి."

"వాళ్లకు ఎన్ని గొడ్లున్నయి?"

మా దగ్గర జవాబు లేదు. భూమి కోసం ఇంత కొట్లాడిన మనం ఈ ఆట గురించి మాట్లాడేటప్పుడు అవ్వ అడిగింది మర్చిపోవద్దు. ఎవరి భూమి, ఎవరి నీళ్లు అనేది అడగాల్సిందే. అందుకే మేం కొత్త మైదానాలు కట్టమనడం లేదు. ఉన్న మైదానాల గేట్లు ఎవరికి తెరుచుకుంటున్నాయనేదే మా మాట.

తర్వాత డిగ్రీకి హైదరాబాద్ వచ్చాం. మా హాస్టల్‌లో ఒక జూనియర్ తమ్ముడు ఉన్నాడు. సెలవుల్లో, ఆదివారాల్లో ఒక గోల్ఫ్ మైదానంలో పనికి పోయేవాడు. డ్రైవింగ్ రేంజ్ అని ఉంటుంది, అక్కడ నిలబడి దూరంగా కొట్టడం నేర్చుకుంటారు. కొట్టిన బంతులన్నీ ఏరి, కడిగి, మళ్లీ బకెట్లలో నింపడం వాడి పని. పగలంతా ఎవరు ఎట్ల కొడుతున్నారో చూసేవాడు. రాత్రి హాస్టల్ వైఫై దగ్గర యూట్యూబ్‌లో అదే స్లో మోషన్‌లో చూసేవాడు. హాస్టల్ వెనక వెదురు కర్రతో వంద సార్లు ఊపేవాడు. నడుము ఎప్పుడు తిరగాలి, బరువు ఏ కాలి మీదికి రావాలి అని మాకు పాఠం చెప్పేవాడు. వాడికి గురువు లేడు, ఫీజు లేదు. రోజుకు ఒక జీబీ డేటా, అంతే.

ఇప్పుడు మా తప్పు. ఒక ఆదివారం సాయంత్రం మేం వాడిని తీసుకురావడానికి పోయాం. జనం వెళ్లిపోయారు. ఎవరో పారేసిన పాత ఐరన్ కర్ర ఒకటి వాడి దగ్గర ఉంది. "ఒక్కటి కొట్టు రా" అన్నాం. కొట్టాడు. బంతి నేరుగా లేచి, చివరి జెండా దాటి పడింది. మేం 22 సెకన్ల రీల్ తీసి, "బంతులు ఏరేటోడు కొడితే ఇట్లుంటది" అని రాసి పెట్టేశాం. వాడిని అడగలేదు.

మూడు రోజుల్లో 40 వేల మంది చూశారు. మెచ్చుకున్నవాళ్లు చాలామంది. "గోల్ఫ్‌లో కూడా రిజర్వేషన్ కావాలా" అని రాసినవాళ్లూ ఉన్నారు, వాడి చెప్పుల మీద జోకులు వేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఉండే ఒక తెలుగు అన్న మాత్రం వీడియోను ఆపి, ఫొటో తీసి, చేతుల మీద బాణం గుర్తులు గీసి పంపాడు. కుడి చేయి కొంచెం పైకి తిప్పి పట్టుకోమన్నాడు. తమ్ముడు ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసుకున్నాడో!

నాలుగో రోజు సూపర్‌వైజర్ పిలిచాడు. యూనిఫాం చొక్కా చూసి గుర్తుపట్టారంట. "రేపటి నుంచి రావద్దు. నువ్వు ఆడటానికి కాదు ఇక్కడుంది" అన్నాడు. ఆ కూలి డబ్బులతోనే వాడు చెల్లెలికి పుస్తకాలు కొనేవాడు. మాకు లైకులు వచ్చాయి, వాడికి పని పోయింది. ఆ రాత్రి మాకు అన్నం దిగలేదు. రీల్ తీసేశాం, వాడి ముందు తలెత్తలేకపోయాం. వాడే వచ్చి అన్నాడు, "తీసేస్తే నేను కొట్టనే లేదన్నట్టు అయితది అన్నా. ఉంచండి." యూనిఫాం మీది పేరు కనిపించకుండా చేసి మళ్లీ పెట్టాం. ఈసారి అడిగి పెట్టాం. ఆ నెల వాడి మెస్ బిల్లు మేమందరం తలా కొంత వేసుకున్నాం. ఇప్పుడు వాడు పొద్దున పూట టిఫిన్ సెంటర్‌లో పని చేస్తున్నాడు.

ఇంటర్నెట్ వల్ల గోల్ఫ్ పెరుగుతుందా అని ఎవరైనా అడిగితే మాకు ముందు ఈ 22 సెకన్లే గుర్తొస్తాయి. పెరుగుతుంది, పెరగాలి కూడా. కానీ దేన్ని చూపిస్తున్నామనేది ముఖ్యం.

వెనక గేటు నుంచి ఈ ఆటలోకి వచ్చినవాళ్లు మన దేశంలో ఉన్నారు. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కేడీగా బ్యాగులు మోసినవాడు, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే పనివాడు. 1829లో పెట్టిన క్లబ్ అది. ఆ పనివాడి కొడుకు 2016లో, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. దీక్షా డాగర్‌కు వినికిడి లోపం ఉంది, అయినా టోక్యోలో అదితితో పాటు ఆడింది. వీళ్ల గురించి మాకు ఏ పాఠ్యపుస్తకం చెప్పలేదు, ఫోనే చెప్పింది. హైదరాబాద్ నుంచి అమెరికా పోయిన తల్లిదండ్రులకు పుట్టిన సాహిత్ తీగల 2023లో అక్కడి పీజీఏ టూర్‌లో గెలిచాడని తెలిసిందీ అట్లనే. ఒకటి గమనించండి. అలీ షేర్‌కు, చౌరాసియాకు మైదానం కళ్ల ముందే ఉంది. మన దగ్గర ఉన్నది ఫోన్. ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు గానీ, కొట్టడానికి కాళ్ల కింద నేల కావాలి కదా.

అందుకే ఆట నడిపేవాళ్లకు మా మనవి ఇది. మీ పేజీల్లో ఖరీదైన కార్లు, రిసార్టులు, సూర్యాస్తమయాలు చాలు. సభ్యులు కానివాళ్లు రాగలిగే రేంజ్ ఎక్కడుందో పెట్టండి. ఒక బకెట్ బంతులకు ఎంతో, కర్ర అద్దెకు ఇస్తారో లేదో, ఏ బట్టలు వేసుకోవాలో తెలుగులో చెప్పండి. గేటు దగ్గర అవమానం ఎదురవుతుందనే భయం సగం దీంతోనే పోతుంది. కొన్ని క్లబ్బుల్లో వారంలో ఒక రోజు కేడీలను ఆడనిస్తారు. ఆ ఒక్క రోజు బంతులు ఏరేవాళ్లకు, గడ్డి కోసేవాళ్లకు, వాళ్ల పిల్లలకు కూడా ఇవ్వండి. ఆ రోజు వీడియో మీరే తీసి పెట్టండి. అప్పుడు మా తమ్ముడి లాంటివాడు దొంగతనంగా ఒక్క బంతి కొట్టే అవసరం ఉండదు.

మనవాళ్లకు కూడా రెండు మాటలు. పని దగ్గర వీడియో తీసే ముందు, అందులో ఉన్నవాడి కూలికి ఏమవుతుందో ఆలోచించండి. మొహం, యూనిఫాం, చోటు కనిపించాలా వద్దా అనేది వాడే చెప్పాలి. రెండోది, ఏ ఆటనైనా "మనది కాదు" అని ముందే వదిలేయకండి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కేదాకా కొండలెక్కే ఆట మనదని ఎవరన్నారు?

మా తమ్ముడు ఇప్పుడూ హాస్టల్ వెనక ఊపుతూనే ఉన్నాడు. నేలలో పాత డబ్బా పాతి గుంట చేసుకున్నాడు. కుడి చేయి ఆ అన్న చెప్పినట్టే తిప్పి పట్టుకుంటున్నాడు. హైదరాబాద్‌లో గానీ వేరే చోట గానీ, బయటివాళ్లు డబ్బు కట్టి ఆడుకోగలిగే రేంజ్ మీకు తెలిస్తే దయచేసి చెప్పండి. ఒక బకెట్ బంతుల డబ్బులు మేం జమ చేసి పెట్టాం. ఈసారి వాడు ఏరడానికి కాదు, కొట్టడానికి పోవాలి.

జోహార్.
మీ హాస్టల్ మిత్రులం