లాడ్ బజార్ నుండి సముద్రాల ఆవలికి

హైదరాబాదులో 1591లో నిర్మితమైన చార్మినార్‌కు పడమటి దిక్కుగా సాగే వీధి లాడ్ బజార్. దీనికే చూడీ బజార్ అని మరో పేరు. ఇరువైపులా ఉన్న అంగళ్ళలో రాళ్ళు పొదిగిన లక్క గాజులు దీపాల వెలుగులో మెరుస్తూ ఉంటాయి. పెళ్ళి కుదిరిన ఇంటివారు దూరపు జిల్లాల నుండి సయితం ఇక్కడికి వచ్చి జోడాలు కొనుక్కుపోవడం తరతరాల ఆనవాయితీ. మేము ఈసారి ఈ వీధికి వెళ్ళింది కొనుగోలు కోసం కాదు. ఇక్కడి గాజు విదేశీ వర్తకుని చేతికి నమూనాగా ఎలా చేరుతుందో, తక్కువ ఖర్చుతో దాన్ని చేర్చే మార్గమేమిటో తెలుసుకోవడానికి వెళ్ళాము.

లక్కను నిప్పుల సెగపై మెత్తబరచి, సన్నని కడ్డీగా సాగదీసి, లోహపు వలయంపై గుండ్రంగా దిద్దుతారు. ఆ వేడి ఆరకముందే రాళ్ళను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా పొదగాలి. ఎన్నో ముస్లిం కుటుంబాలకు ఈ పనే జీవనాధారం. ఇంటి పనుల నడుమ గాజులు సిద్ధం చేసే స్త్రీలూ వీరిలో ఉన్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు దక్కింది, కాని విదేశీ బేరం కుదరాలంటే ముందుగా నమూనాలు పంపాలి. నాలుగైదు గాజుల ఖరీదు కంటే వాటిని పంపే ఖర్చే ఎక్కువైనప్పుడు చిన్న కార్ఖానా యజమాని వెనుకంజ వేయడం సహజం.

ఈ ఖర్చు ఎక్కడ పెరుగుతుందో గ్రహిస్తే సగం చిక్కు విడిపోతుంది. కొరియర్ సంస్థలు పెట్టె తూకంతో పాటు అది ఆక్రమించే చోటును కూడా లెక్కగడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. అలా వచ్చిన బరువు, అసలు తూకం - రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. 400 గ్రాముల గాజులను 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే అది 3 కిలోల కింద లెక్కకు వస్తుంది. అవే గాజులను 20, 15, 10 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే 600 గ్రాములే! నమూనాకు జోడా మొత్తం అక్కరలేదు, రకానికి ఒక్క గాజు చాలు. ఆ గాజులను గట్టి అట్ట గొట్టానికి తొడిగి, నడుమ మెత్తని కాగితం చుడితే ఒకదానికొకటి తగిలి రాళ్ళు ఊడవు. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక ఎండాకాలంలో గల్ఫ్ దేశాలకు పంపేవారు మరింత జాగ్రత్త వహించాలి.

చార్మినార్ నుండి నయాపూల్ మీదుగా మూసీ నది దాటి అబిడ్స్ చేరుకుంటే జనరల్ పోస్టాఫీసు కనిపిస్తుంది. 1874లో ఏర్పడిన విశ్వ తపాలా సంఘంలో భారతదేశం 1876 నుండి సభ్యదేశం. ఆ సంఘపు ఏర్పాటు వల్లనే ప్యాకెట్లు తపాలా ద్వారా దేశదేశాలకు చేరుతున్నాయి. ప్యాకెట్ ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకునే వీలున్న అంతర్జాతీయ సేవ కూడా మన తపాలా శాఖలో ఉంది. కొరియర్ కంటే రోజులు ఎక్కువ పట్టవచ్చు, కాని చిన్న నమూనాలకు ఖర్చు సాధారణంగా తక్కువే. ఎగుమతిదారులకు తోడ్పడేందుకు డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు దేశమంతటా వెయ్యికి పైగా వెలిశాయి. వ్యాపారంగా ఎగుమతి చేయదలచినవారు ఐఈసీ అనే సంకేత సంఖ్య పొందాలి. దానికి దరఖాస్తు రుసుము 500 రూపాయలు.

ప్యాకెట్‌తో పాటు కస్టమ్స్ పత్రం నింపాలి. అందులో 'బహుమతి' అని ఒక గడి, 'వాణిజ్య నమూనా' అని మరొక గడి ఉంటాయి. సుంకం తప్పుతుందన్న ఆశతో మొదటి గడిలో గుర్తు పెట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఇది అబద్ధపు సాక్ష్యమే. పైగా దాని అవసరమూ లేదు. స్వల్ప విలువ గల నమూనాలకు సుంకం మినహాయించాలని 1952లోనే జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. చాలా దేశాలు ఈ వెసులుబాటు ఇస్తున్నాయి. గాజుపై 'నమూనా, అమ్మకానికి కాదు' అని చెరగని గుర్తు వేసి, కృత్రిమ ఆభరణాలకు వర్తించే 7117 శీర్షికను, నిజమైన విలువను పత్రంలో రాస్తే అధికారికి అనుమానం కలగదు. నియమాలు మారుతుంటాయన్నది కూడా మరువరాదు. అమెరికా 800 డాలర్ల లోపు సరకుకు ఇచ్చిన మినహాయింపును 2025 ఆగస్టు 29 నుండి ఎత్తివేసింది. కనుక పంపే ముందు ఆ దేశపు తాజా నియమాన్ని విచారించుకోవాలి.

ఉమ్రాకో, ఉద్యోగానికో వెళ్ళే బంధువుల చేత నమూనాలు పంపడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఖర్చు లేని మార్గమే, కాని అది అమానత్. లోపల ఏముందో తెరచి చూపి, వారి సమ్మతితోనే అప్పగించాలి. మూసిన పొట్లాన్ని మొహమాటపెట్టి అంటగట్టితే పరాయి దేశపు విమానాశ్రయంలో జవాబు చెప్పుకోవలసింది ఆ ప్రయాణికుడే.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా తగిలాయి. ఆ తడిని జనానికి కనబడేలా పైన ఉంచనందుకు వర్తకుణ్ణి ఆయన మందలించారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. నమూనా ఆ రాశి పైనున్న గింజ వంటిది. ఒక్క గాజును అద్భుతంగా చేసి పంపి, ఆర్డరు వచ్చాక నాసిరకం రాళ్ళతో డజన్లు నింపితే అది తడి ధాన్యమే. దివ్య ఖుర్‌ఆన్‌లో 83వ సూరా కొలతల్లో మోసగించేవారి పేరనే ఉంది.

పెట్టె చిన్నదైతే ఖర్చు తగ్గుతుంది. పత్రం నిజమైనదైతే జాప్యం తగ్గుతుంది. నమూనా, సరకు ఒకటే అయితే ఆ వర్తకుడు రెండోసారి మన తలుపే తడతాడు. లాడ్ బజార్ సందుల్లో నిప్పుల ముందు కూర్చున్న చేతులకు హలాల్ ఉపాధి ఆ రెండో ఆర్డరులోనే ఉంది, ఇన్షా అల్లాహ్.