వెనక్కి జరగడానికి చోటేదీ?

సినిమా పత్రికలు చదివేవారికి ‘వైడ్ యాంగిల్’ అన్న మాట కొత్తేమీ కాదు. ఫలానా షాటు వైడ్‌లో తీశామని డైరెక్టర్లు చెబుతూంటారు, మేం రాస్తూంటాం, మీరు చదువుతూంటారు. కానీ ఆ లెన్సు ఒకటి సొంతానికి కొనుక్కోవాల్సి వచ్చినప్పుడు గానీ అందులో ఉన్న తతంగం తెలిసి రాదు. మూడు వారాలపాటు నేను పడ్డ తర్జనభర్జన మీకు చెబితే, రేపు కెమెరా కొనబోయే మీ తమ్ముడికో, మీ అమ్మాయికో పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలూ!

ముందు నా సంగతి. నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. డిగ్రీ చేతికొచ్చిన నాటినుంచీ ఒక చేత్తో కలం, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని తిరుగుతున్న ఫ్రీలాన్సర్ని. రాసిన నెలలో రాబడి, రాయని నెలలో అప్పు. అంచేత లెన్సు కొనడమంటే నాకు సరదా వ్యవహారం కాదు. అక్షరాలా రెండు నెలల ఇంటద్దె!

అసలెందుకీ గోల?

మన ఊళ్ళలో పాత సినిమా హాళ్ళు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్ళవుతున్నాయి, గోడౌన్లవుతున్నాయి. డిజిటల్ వచ్చాక రీళ్ళ ప్రొజెక్టర్లు మూలపడ్డాయి. హాలు పోయేలోగా ఆ ప్రొజెక్టర్ గదినీ, అందులో ఆయుష్షంతా గడిపిన ఆపరేటర్నీ ఒకే ఫొటోలో పట్టుకోవాలని నాకెప్పటినుంచో ఉంది. అటువంటి సమయంలో గోదావరి జిల్లాలో ఓ హాలు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారని కబురొచ్చింది. వెళ్ళి చూశాను.

గది పధ్నాలుగడుగుల పొడుగు, తొమ్మిదడుగుల వెడల్పు. అందులో రెండు ప్రొజెక్టర్లు. రెండెందుకంటారా? వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది, రెండు వేల అడుగులదైతే 22 నిమిషాలు. ఒకటి అయ్యేలోగా రెండోది సిద్ధంగా ఉండాలి. వెనకటి సినిమాల్లో తెర కుడివైపు పైమూలన ఓ చుక్క తళుక్కుమని మాయమయ్యేది, గుర్తుందా? అది మనకోసం కాదు, ఆపరేటరు కోసం. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి, తర్వాతి చుక్కకి బొమ్మని అటు మార్చాలి. హాల్లో మనం ఈల వేస్తున్న వేళ పైన ఒకాయన ఊపిరి బిగబట్టి ఆ చుక్క కోసం కాచుకుని ఉండేవాడన్నమాట!

నా దగ్గరున్నది కెమెరాతో పాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్సు. గోడకి వీపు ఆనించి చూశాను. ఒక మిషను పడితే రెండోది పడదు. రెండోది పడితే ఆపరేటరుగారు లేరు. వెనక్కి జరుగుదామంటే గోడ!

ఇక్కడ చిన్న లెక్క. నాది కెనాన్ కెమెరా. అందులో బొమ్మ పడే సెన్సారు వెడల్పు సుమారు 22 మి.మీ. ఎనిమిదడుగుల దూరంనుంచి 18 మి.మీ. లెన్సు చూసే గోడ వెడల్పు పదడుగులకి కాస్త తక్కువ. అదే 10 మి.మీ. అయితే దాదాపు పద్దెనిమిదడుగులు! నా కష్టానికి మందు ఆ ఎనిమిది మిల్లీమీటర్లలో ఉంది.

స్కోపు వేరు, వైడు వేరు

చాలామంది వైడ్ యాంగిల్ అనగానే సినిమాస్కోపు అనుకుంటారు. కాదు. 1974లో వి.ఎస్.ఆర్. స్వామిగారి ఛాయాగ్రహణంలో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ మనకి తొలి స్కోపు చిత్రం. స్కోపు లెన్సు బొమ్మని ఫిల్ము మీద అడ్డంగా నొక్కి ఇముడుస్తుంది. హాల్లో ఇంకో లెన్సు దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. వైడ్ లెన్సు అలా కాదు, అది కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంది, అంతే.

ఆ పెద్ద కళ్ళ మహిమ సినిమా వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. 1941లో ‘సిటిజన్ కేన్’కి గ్రెగ్ టోలండ్ 24 మి.మీ. లెన్సు వాడి, ముందున్న మనిషీ, దూరాన వెనకున్న మనిషీ ఇద్దరూ స్పష్టంగా కనబడేట్టు తీశాడు. 1971లో ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’కి స్టాన్లీ కూబ్రిక్ 9.8 మి.మీ. దాకా వెళ్ళాడు. 2018లో వచ్చిన ‘ది ఫేవరిట్’లో రాబీ రయాన్ 6 మి.మీ. లెన్సుతో రాణివాసాన్నే వంకర తిప్పేశాడు. వాళ్ళ దగ్గర లెన్సుల పెట్టెలున్నాయి. మన దగ్గర ఉన్నది అద్దె డబ్బులు!

దుకాణంలో అంకెల మాయ

కోఠీలో ఓ దుకాణానికి వెళ్తే, “ఇది తీసుకోండి సార్, పెద్ద పెద్దవాళ్ళు వాడేది” అంటూ 16-35 లెన్సు చేతిలో పెట్టారు. లెన్సు మంచిదే. కానీ అది 36 మి.మీ. వెడల్పుండే పెద్ద సెన్సారు కోసం చేసింది. నాలాంటి చిన్న సెన్సారు కెమెరాకి తగిలిస్తే చుట్టూ అంచులు కత్తిరించుకుపోతాయి. కెనాన్‌లో ఈ లెక్క 1.6, నికాన్, సోనీ వగైరాల్లో 1.5. అంటే ఆ 16 నా కెమెరా మీద సుమారు 26 అయి కూర్చుంటుంది. అతి వెడల్పు కాస్తా ఉత్త వెడల్పు అవుతుంది! నాక్కావలసిన చూపు రావాలంటే 10 మి.మీ. ఉండాలి. అప్పుడది పెద్ద సెన్సారు మీద 16కి సమానం, మూలనుంచి మూలకి 107 డిగ్రీలు. మామూలు 50 మి.మీ. లెన్సు పెద్ద సెన్సారు మీద చూసేది 46 డిగ్రీలే.

“సెల్‌ఫోన్‌లో 0.5 అని ఉంటుందిగా, అది నొక్కితే పోలా?” అన్నాడు నా మిత్రుడొకడు. ఎండలో అయితే పోతుంది నిజమే. కానీ చీకటి గదిలో ఆ గోరంత సెన్సారు బొమ్మని మెత్తమెత్తగా, మరకలు మరకలుగా చేస్తుంది. పత్రికలో పెద్దగా అచ్చువేస్తే ఆపరేటరుగారి మొహం మీద గీతలుండవు. నాక్కావలసినవే ఆ గీతలు.

చివరికి బరిలో మూడు మిగిలాయి. ఒకటి సిగ్మా 8-16. చూపు అన్నిటికంటే వెడల్పు, కానీ ముందు అద్దం గుడ్డులా పొడుచుకొచ్చి ఉంటుంది. మామూలు ఫిల్టరు బిగించడానికి ఉండదు, ఏదన్నా తగిలితే గీత పడేది అద్దానికే. రెండోది టొకీనా 11-16. ఎఫ్/2.8 కనుక చీకట్లో పులి. మూడోది 2014లో వచ్చిన కెనాన్ 10-18. పావుకిలో కూడా తూగదు, 240 గ్రాములు. ధరా తక్కువే. చెయ్యి వణికినా సర్దుకునే ‘స్టెబిలైజర్’ ఉంది. లోపం ఏమిటంటే వెలుతురు ఎఫ్/4.5 నుంచే మొదలు. టొకీనా దీనికి రెండున్నర రెట్లు వెలుతురు లాగుతుంది. మరేది కొనాలి?

గురువుగారి మాట

కృష్ణానగర్‌లో నేను గురువుగారని పిలుచుకునే పాతకాలపు స్టిల్స్ ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి పోయాను.

“ఏవయ్యా, నువ్వు తీసేవాళ్ళు కదుల్తారా, కదలరా?” అన్నారు.

“ప్రొజెక్టర్ కదలదు గురువుగారూ. ఆపరేటరుగారు కూర్చోమంటే కూర్చుంటారు.”

“మరింకేం? మనిషి కదిలితే 2.8 కావాలి. చెయ్యి మాత్రమే కదిలితే స్టెబిలైజర్ చాలు. ఫంక్షన్లో డాన్సు తీసేవాడి మందు వేరు, నీ మందు వేరు.”

అదండీ సంగతి! స్టెబిలైజర్ ఆపేది మన చేతి వణుకునే, ఎదుటివాడి గంతుల్ని కాదు. ఇన్ని పట్టికలు చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకో మాట కూడా అన్నారు. “దీంతో హీరోయిన్ మొహాన్ని ఫ్రేము అంచున పెట్టావో, చెంప చేటంత అవుతుంది. ఆవిడ మళ్ళీ నిన్ను సెట్లోకి రానివ్వదు. మనిషిని మధ్యలో పెట్టు, కెమెరా వంచకు.” వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి మరి.

సెకండ్ హ్యాండ్‌లో 10-18 దొరికింది. కొనేముందు చూసుకోవలసినవి రాసి పెట్టుకోండి. వెనకనుంచి టార్చి వేసి చూడండి, సాలెగూడులా కనబడితే అది బూజు, వెంటనే వదిలెయ్యండి. మన వర్షాకాలపు తేమకి అది తొందరగా పడుతుంది. తర్వాత ఓ ఇటుకల గోడకి ఎదురుగా నిటారుగా నిలబడి ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. మూడు మూలలు బావుండి ఒక్కటి మసగ్గా ఉంటే లోపల అద్దం పక్కకి జరిగిందని అనుమానించాలి. కొన్నాక బీరువాలో బట్టల మధ్య కాదు, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో దాచుకోండి.

ఈ కెమెరా సిస్టమ్ పాతబడింది గదా అంటారేమో. నిజమే. మిర్రర్‌లెస్ కెమెరాలకి కెనాన్ వారే 2023లో ఆర్ఎఫ్-ఎస్ 10-18 తెచ్చారు, బరువు ఇంకా తక్కువ. ఆ కెమెరా ఉన్నవాళ్ళకి అదే సుఖం. నాకు మాత్రం పాత కెమెరాకి పాత లెన్సే గిట్టుబాటు.

గది పెద్దదైపోయింది!

లెన్సు తీసుకుని మళ్ళీ ఆ ఊరెళ్ళాను. ఎఫ్/8 పెట్టి రెండడుగుల పైచిలుకు దూరానికి ఫోకస్ చేస్తే, అడుగు దూరంనుంచి అనంతం దాకా అన్నీ స్పష్టమే. పావు సెకను షట్టరుకి కూడా చెయ్యి నిలిచింది. రెండు మిషన్లు, రీళ్ళ బీరువా, ఆపరేటరుగారు, అందరూ పడ్డారు. కెమెరా వెనక తెర మీద చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “బాగుందండి బాబూ, కానీ ఇది మా గది కాదండి” అన్నారు.

“అదేంటండీ!”

“మా గది ఇంత పెద్దదేంటండి? ఇందులో పెళ్ళి చేసెయ్యొచ్చు!”

ఆయన అన్నది నిజం. దగ్గరున్నదాన్ని మరీ పెద్దదిగా, దూరమున్నదాన్ని మరీ చిన్నదిగా చూపించడం ఈ లెన్సు నైజం. ఓసారి ఓ చిన్న సినిమా పబ్లిసిటీ ఆయన, “సెట్టు పెద్దదిగా కనబడేలా తియ్యండి బాస్” అని నన్నడిగిందీ ఈ గుణం కోసమే. కానీ ఇక్కడ నేను చూపించాల్సింది ఇరుకు. నలభై ఏళ్ళు ఒక మనిషి వేడిలో, మోతలో పనిచేసిన ఇరుకు. గది మొత్తం పడితే ఇరుకు పోతోంది, ఇరుకు పడితే గది పోతోంది!

“మీరు పని చేసేప్పుడు ఎక్కడ నిలబడేవారండీ?” అనడిగాను.

ఆయన రెండు మిషన్ల మధ్యకి వెళ్ళి, చేతులు చాపారు. కుడిచెయ్యి ఒక మిషను మీద, ఎడంచెయ్యి రెండోదాని మీద. “ఇలాగేనండి. చుక్క పడగానే ఇటు మూసి, అటు తియ్యాలి గదా!” అన్నారు.

అంతే, ఇక లెన్సు ఎంత అబద్ధమాడదామన్నా కుదర్లేదు. మనిషి రెండు చేతుల బారే ఆ గది కొలత అయిపోయింది. ఆయన్ని ఫ్రేము మధ్యలో పెట్టి, కెమెరా గుండె ఎత్తున నిటారుగా పట్టుకుని నొక్కాను. ఆయన భుజం పక్కనున్న చిన్న కిటికీలోంచి తెల్లటి తెర తపాలా బిళ్ళంత కనబడుతోంది. ఆ తెర మీద ఎన్ని పండగలు చూశామో మనం. ఆయనకి మాత్రం అన్నీ ఆ కిటికీలోంచే.

ఆ నెలాఖరుకి మిషన్లు పాత ఇనుప సామాన్ల లారీ ఎక్కాయి. ఫొటో అచ్చు వేయించి పంపిస్తే, ఆపరేటరుగారు ఫోన్ చేశారు. “మా మనవడికి చూపించానండి, తాతా నువ్వు రోబోలా ఉన్నావన్నాడండి” అని ఒకటే నవ్వు!

కాబట్టి పాఠకులారా, లెన్సు కొనబోయేముందు అంకెలు చూడండి, బరువు చూడండి, టార్చీ వెయ్యండి. వీటన్నిటికంటే ముందు, మీరు తియ్యబోయే మనిషి కదుల్తాడో లేదో, ఎంత చోటులో ఉంటాడో ఓసారి వెళ్ళి చూసి రండి. లెన్సు పేరు తర్వాత తేలిగ్గానే తేలిపోతుంది. మీ ఊళ్ళో కూడా పాత ప్రొజెక్టర్ గది ఏదన్నా మిగిలి ఉంటే నాకో కార్డు ముక్క రాసి పడేద్దురూ, రెక్కలు కట్టుకు వాలతాను!