సర్వర్ కొనేముందు వెనక తిప్పి చూడండి

హోస్టింగ్ పెడదామనుకునే మన బాగలూరు, హోసూరు పిల్లలు ముందు ప్రాసెసర్ గురించే అడుగుతారు. నేనైతే సర్వర్‌ని వెనక తిప్పి చూడమంటాను. అక్కడ రెండు పవర్ సప్లైలు ఉండాలి, రెంటికీ వేర్వేరు యూపీఎస్ లైన్లు ఇవ్వాలి. ఒకటి కాలిపోయినా మిషన్ ఆపకుండానే దాన్ని లాగేసి కొత్తది తోసెయ్యొచ్చు. పక్కనే రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టు ఉందా? సర్వర్ బెంగళూరు డేటా సెంటర్లో, మీరు బాగలూరులో ఉన్నప్పుడు, అర్ధరాత్రి హ్యాంగైతే ఇంటినుంచే రీస్టార్ట్ చేసేది దాంతోనే. దాన్ని వీపీఎన్ వెనకే ఉంచండి, నేరుగా ఇంటర్నెట్‌కి వదలొద్దు.

మెమరీ ఈసీసీదే కొనండి, ఒక బిట్ తప్పితే తనే దిద్దుకుంటుంది. డిస్కులకి రెయిడ్ పెట్టినా బ్యాకప్ వేరే ఉండాల్సిందే. పొరపాటున చెరిపిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ పోతుంది.

1యూ సర్వర్ ఎత్తు 1.75 అంగుళాలే. ర్యాక్ అద్దె కలిసొస్తుంది గానీ, దానిలోని చిన్న ఫ్యాన్లు చాలా వేగంగా తిరిగితే తప్ప వేడి బయటికి పోదు. నా ఓటు 2యూకే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతది కొంటున్నారా, ఆ మోడల్‌కి విడి పవర్ సప్లై, డిస్కు ట్రేలు దొరుకుతాయో లేదో ముందే అడగండి. విడిభాగం దొరక్క, ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు ముందు మన గులాబీ తోటలవాళ్ల ఆర్డర్లు వచ్చే వెబ్‌సైటు ఒక్క పూట ఆగినా, కోసిన పూలు ఆగవు కదా.