మంచం కిందికి వంగి చూడండి

ఊళ్ళో పాతిల్లు అమ్మకానికి పెట్టారనుకోండి. స్థలానికి బేరం కుదిరింది. దూలాలకీ ద్వారబంధాలకీ కూడా ఎవరో వచ్చి ధర చెప్పి వెళ్ళారు. చివరికి పడగ్గదిలో పందిరిమంచం, చెక్క బీరువా, సొరుగుల బల్ల మీద నిలువుటద్దం మిగులుతాయి. అపార్టుమెంటులో ఆ మంచం పట్టదు, ఆ బీరువా లిఫ్టులో ఎక్కదు. పాత సామాను కొనే ఆయన అప్పటికే వాకిట్లో నిలబడి ఉంటాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఆ పూటకే వ్యవహారం తేలిపోతుంది. అలా తేలిపోకముందు ఒక గంట ఆగండి, ఏమేం చూసుకోవాలో చెబుతాను.

ముందు ఆయన ధర ఎలా కడతాడో గమనించండి. టేపు తీసి కలప లెక్క వేస్తాడు. పందిరిమంచం కోడు 3 అంగుళాల చదరంలో 7 అడుగుల ఎత్తు ఉందంటే అర ఘనపుటడుగు కూడా రాదు. నాలుగు కోళ్ళూ కలిపినా రెండు ఘనపుటడుగుల లోపే. అందులోనూ కూసాల బెజ్జాలకి ఇంత, నగిషీ లోతుకి ఇంత అని తరుగు తీస్తాడు. తరిమెన పట్టి ఆ కోళ్ళని గుండ్రంగా తిప్పిన పనితనం, ఆకులూ తీగలూ చెక్కిన ఉలి ఆ లెక్కలోకి రావు సరికదా, తరుగు కిందే పోతాయి. కలపగా కొన్నదాన్ని ఆయన కలపగా అమ్ముతాడా అన్నది వేరే సంగతి. మనం మాత్రం మంచాన్ని కలప ధరకి ఇవ్వకూడదు.

ఇక వయసు సంగతి. దీనికి మొదటి సాక్షి ఇంట్లోనే ఉంటుంది. మన ఇళ్ళలో పందిరిమంచం చాలావరకు పెళ్ళితో వచ్చిందే, సారెలో వచ్చిందే. "అది మా అమ్మ పెళ్ళికి చేయించింది, ధాతలో" అని మీ పెద్దత్తయ్య అంటే సగం పని అయినట్టే. ధాత నామ సంవత్సరం అంటే 1936-37. అయితే మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కదా, అంతకు ముందు ధాత 1876-77లో వచ్చింది. ఎవరి పెళ్ళి అన్నది మరుగున పడి "ధాత నాటి మంచం" అన్న మాట ఒక్కటే మిగిలిందంటే రెండు తరాల తేడా వస్తుంది. అప్పుడిక మంచాన్నే అడగాలి.

మంచాన్ని అడగడమంటే దాని ముందు నిలబడి నగిషీ చూడటం కాదు. నగిషీ ఎప్పుడైనా చెక్కొచ్చు, పాత నమూనా చూసి నిన్న చెక్కినవీ ఉంటాయి. పైగా మోజులు మన ఊళ్ళకి ఆలస్యంగా వచ్చి చాలాకాలం ఉండిపోయేవి. నిలువు గీతలు, గుండ్రపు మూలలు, మెట్లు మెట్లుగా సొరుగులు, మూడు అద్దాలు ఉన్న డ్రెస్సింగ్ టేబులు ఆర్ట్ డెకో బాణీది. ఆ బాణీకి ఆ పేరు తెచ్చిపెట్టిన పారిస్ ప్రదర్శన జరిగింది 1925లో. మన పట్టణాల్లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ బాణీలో చేస్తూనే ఉన్నారు. కాబట్టి బాణీ చూసి "ఇంతకన్నా ముందుది కాదు" అనగలం, అంతకు మించి చెప్పలేం. ధాత మంచం విషయంలో అదీ సాయమే. తలవైపు పలక డెకో బాణీలో ఉంటే 1876 మాట మరిచిపోవచ్చు.

అసలు సాక్ష్యం వెనకా కిందా ఉంటుంది. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, మంచం పట్టెల లోపలివైపు, బీరువా వీపున, సొరుగు అడుగున వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకోండి. చిత్రిక పట్టిన చెక్క మీద సన్నని అలలు కనబడతాయి, వేళ్ళతో అడ్డంగా తడిమితే తెలుస్తాయి కూడా. యంత్రం మీద నున్నగా చేసిన చెక్కకి ఆ అలలు ఉండవు, దాని గీతలు ఒకే ఎడంతో వరసగా పోతాయి. రంపపు గాట్లూ అంతే. చేతి రంపం గాట్లు కాస్త ఎగుడుదిగుడుగా తిన్నగా పోతాయి, గుండ్రటి యంత్రపు రంపం విల్లులాంటి గీతలు వదులుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు ఈ గాట్లు చూసి ఫలానా దశాబ్దం అని తేల్చేస్తాయి. అక్కడ యంత్రం వచ్చాక చేతికోత త్వరగా తగ్గిపోయింది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. మన పల్లెల్లో మాను మీద ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగే కోతపని ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం సాగింది. సొరుగు మూలల్లో డవ్‌టెయిల్ అతుకులు చేత్తో కోయడం ఇవాళ్టికీ తెలిసిన వడ్రంగులున్నారు. కాబట్టి మన సామానులో చేతిపని గుర్తు చేతిపనికే సాక్ష్యం, వయసుకి కాదు.

మరి వయసు ఎలా పట్టుకోవాలి? ఆ సామానులో అన్నిటికన్నా పిన్న వయసుది ఏదో వెతకాలి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూకి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు తీసుకున్నది 1936లో. మొదటి నుంచీ ఉన్న బందుకి ఆ స్క్రూయే ఉంటే ఆ బీరువా నూరేళ్ళది కాలేదు. వీపుకి ప్లైవుడ్ ఉన్నా, పైన సన్‌మైకా ఉన్నా ఇదే తర్కం. కానీ తొందరపడకండి. బందు విప్పి చూడండి, పక్కనే పూడ్చిన పాత బెజ్జాలు ఉన్నాయేమో. ఉంటే బందు తర్వాత మార్చినది, బీరువా ఇంకా పాతదే కావచ్చు. సొరుగు పిడి దగ్గరా ఇదే పరీక్ష. ముందు ఒక పిడి, లోపలివైపు రెండు పూడ్చిన బెజ్జాలు కనబడితే అసలు పిడులు పోయాయన్నమాట.

మంచం కోళ్ళూ పట్టెలూ కలిసే చోట్ల ఇంకో ముచ్చటైన సాక్ష్యం ఉంటుంది. పందిరిమంచం విడదీసి బిగించేది. ఏ పట్టె ఏ కోటికి చెందుతుందో మరిచిపోకుండా వడ్రంగి ఉలితో గాట్లు పెట్టుకునేవాడు, ఒక మూలకి ఒకటి, ఇంకో మూలకి రెండు, అలా. నాలుగు మూలలా గాట్లు జతకలిస్తే మంచం ఒకే చేతిలో పుట్టి చెదరకుండా ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. ఒక మూల కలవకపోతే ఆ కోడు వేరే మంచానిదేమో చూడాలి. నవారు అల్లిన మంచమైతే పట్టెల మీద నవారు ఒరుసుకున్న అరుగుదల ఉంటుంది. ఈ మధ్య పలక పరిచి పరుపు వేసినా ఆ అరుగుదల పోదు.

పాత కలప వేరు, పాత సామాను వేరు. కొనేవాళ్ళకి ఇదే పెద్ద గండం. కూల్చిన ఇళ్ళ దూలాలతో, తలుపులతో ఇవాళ మంచాలు చేసి నూరేళ్ళవని అమ్ముతున్నారు. చెక్క నిజంగా నూరేళ్ళదే, మంచానికి ఆర్నెల్లు. ఎందుకుందో అర్థంకాని గాడి, దేనికీ పనికిరాని చోట పూడ్చిన కూసం బెజ్జం కనబడితే ఆ చెక్క ఇంతకుముందు ఇంకోటిగా బతికిందని అర్థం. పురుగు బెజ్జాలూ చూడండి. చేవగల టేకుకి పురుగు అంత తేలిగ్గా పట్టదు, పట్టేది మాను అంచున ఉండే తెల్లటి భాగానికే. పురుగు లోపల వంకర్లు తిరుగుతుంది, డ్రిల్లు బెజ్జం తిన్నగా దిగుతుంది. ఆ వంకర దారి పొడుగునా విప్పుకుని చెక్క పైమీదే కనబడిందంటే, పురుగు తిన్నాక ఆ చెక్కని మళ్ళీ కోశారు.

"రంగూన్ టేకండీ" అన్న మాట కోస్తాలో ప్రతి ఇంట్లో వింటాం. అందులో నిజం లేకపోలేదు. కాకినాడ, విశాఖపట్నం నుంచి రంగూన్‌కి ఓడలు నడిచాయి, మనవాళ్ళు వేలమంది వెళ్ళారు, 1942లో జపాను దాడికి కాలినడకన తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. అయినా బర్మా టేకుకీ గోదావరి టేకుకీ తేడా కంటితో చూసి చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. అడుగున్నర వెడల్పు పలక అతుకు లేకుండా ఒకే చెక్కగా ఉంటే మాత్రం మెచ్చుకుంటాను. అంత మాను ఇప్పుడు దొరకడం కష్టం.

పాలిష్‌ని మాత్రం ముట్టుకోకండి, ఇది చేతులు జోడించి చెబుతున్నాను. పాత పాలిష్ లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పట్టించినది. కనబడని మూల స్పిరిట్ తడిపిన దూదితో రుద్దితే జిగటగా వస్తుంది. మెలమైన్ పాలిష్ అలా కరగదు. ఏళ్ళ తరబడి చేతులు తగిలి వచ్చిన ఆ రంగుని ఇసుక కాగితంతో గీకి మెరిపిస్తే, ధర తెలిసిన కొనుగోలుదారు వెనక్కి వెళ్ళిపోతాడు. మంచాన్ని నేటి పరుపు కొలతకి కోయించడం అంతకన్నా ఘోరం. నల్లటి చుక్కలు పడిన పాత అద్దం తీసి కొత్తది వేయించడం కూడా నష్టమే.

విలువ పెంచేవి మూడే: చెదరకపోవడం, పనితనం, ఎవరిదో తెలియడం. కలకత్తాలో ఫర్నిచర్ చేసిన లాజరస్ కంపెనీ ముద్ర సొరుగులో దొరికితే ఆ బల్ల బరువే వేరు. వయసొక్కటే విలువ కాదు. నూరేళ్ళ మొరటు బల్ల కన్నా డెబ్బై ఏళ్ళ చక్కటి డ్రెస్సింగ్ టేబులుకే నేను ఎక్కువ ధర కడతాను.

చట్టం ఊసు కూడా రెండు ముక్కల్లో. అమెరికాలో ఉన్న అమ్మాయికి అమ్మమ్మ మంచం పంపాలనుకునేవాళ్ళు చాలామంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాకృతులని సొంతంగా విదేశాలకి పంపకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ పత్రం తెచ్చుకోవాలి. రోజ్‌వుడ్ సామానుకి 2017 నుంచి అంతర్జాతీయ ఆంక్షలు కూడా ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నంలో దంతపు పలకల మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపి చేసిన పెట్టెలూ బల్లలూ లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అలాంటి దంతపు పని ఇంట్లో ఉంటే మన దేశంలో దాన్ని అమ్మకానికి పెట్టడం నేరం, గుర్తుంచుకోండి.

చివరిగా ఒక్క పని చేసిపెట్టండి. అమ్మినా, ఉంచుకున్నా సరే, ఎవరి పెళ్ళికి, ఏ ఊళ్ళో, ఏ వడ్రంగి చేత చేయించారో మీ పెద్దత్తయ్యని అడిగి ఒక కాగితం మీద రాసి, సొరుగు అడుగున అంటించండి. సంవత్సరం పేరుతో పాటు ఇంగ్లీషు సంవత్సరం కూడా వేయండి.