మధ్యాహ్నం తాళంచెవి ఎవరి దగ్గర?

మాదాపూర్‌లో మీటింగ్ నడుస్తూ ఉంటుంది. తెరమీద ఏవో అంకెలు. బల్ల కింద ఒకావిడ చేతిలో ఫోను. ఫోనులో మియాపూర్ ఫ్లాటు హాలు, సోఫా పక్కన చల్లటి టైల్స్ మీద కాళ్ళు చాపుకుని పడుకున్న లాబ్రడార్. పది నిమిషాలకోసారి చూస్తుంది. కుక్క కదలదు. పాపం బెంగ పెట్టుకుందేమోనని ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. కుక్క మాత్రం హాయిగా నిద్రపోతోంది.

ఎదిగిన కుక్క రోజుకి 12 నుంచి 14 గంటలు నిద్రపోతుంది. ఇంట్లో మనుషులున్నా అంతే, లేకపోయినా అంతే. ఆఫీసు వేళలో ఎక్కువ భాగం అది కునుకులోనే గడిపేస్తుంది. కాబట్టి ఉద్యోగస్తులు కుక్కని పెంచకూడదనే పెద్దల మాట పూర్తిగా ఒప్పుకోవలసిన పని లేదు. అలాగని కొట్టిపారేయడానికీ వీల్లేదు. చిక్కంతా మూడు వేళల్లో ఉంది: తలుపు మూసిన కాసేపటికి, మధ్యాహ్నం, సాయంత్రం తలుపు తీసినప్పుడు.

ఒంటరిగా ఉండలేని కుక్కల గోల సాధారణంగా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. తలుపు గీకడం, ఊళపెట్టడం, చొల్లు కార్చడం, ఎప్పుడూ శుభ్రంగా ఉండేది హాలు మధ్యలో పాస్ పోయడం. కెమెరాలో చూడాల్సింది ఆ అరగంట. చాలామంది యజమానులకి ఈ సంగతే తెలియదు. వాళ్ళు లిఫ్టు దిగాక అరుపులు మొదలవుతాయి, వాళ్ళొచ్చేసరికి కుక్క తోకాడిస్తూ ఎదురొస్తుంది. ఎదురు ఫ్లాటువాళ్ళు మొహం మాడ్చుకున్నప్పుడు గానీ విషయం బోధపడదు. మామూలు కుక్కల సంగతి వేరు. 2011లో స్వీడన్‌లో తెరీస్ రేన్, లిండా కీలింగ్ అనే పరిశోధకులు 12 కుక్కల్ని అరగంట, 2 గంటలు, 4 గంటలు ఇంట్లో ఒంటరిగా ఉంచి చూశారు. యజమాని అరగంటలో వస్తే కుక్క మర్యాదగా పలకరించింది. 2 గంటలకి వస్తే మీదపడి హడావుడి చేసింది. 2 గంటలకీ 4 గంటలకీ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వాళ్ళు నాలుగు గంటల దగ్గరే ఆగారు. తొమ్మిది గంటల డ్యూటీకి, ఆపైన ఐకియా దగ్గర ట్రాఫిక్‌కి దీన్ని సర్టిఫికెట్‌గా చూపించుకోవడం కుదరదు.

పల్లెటూళ్ళో కుక్కని ఎవరూ ఒంటరిగా వదిలి వెళ్ళరు, అసలు ఇంట్లోకి రానిస్తే కదా. పొలానికి వెళ్ళేవాళ్ళ వెనకాల పోతుంది, ఎండ ముదిరితే వేపచెట్టు కిందకి చేరుతుంది, రాత్రి పశువుల పాక దగ్గర కాపలా. గాడిద పని గాడిద, కుక్క పని కుక్క చెయ్యాలని సామెత కట్టిన రోజుల్లో కుక్కకంటూ ఒక పని ఉండేది. మూడో అంతస్తులో ఏం పని ఉంటుంది? ఇంటివాళ్ళకి ఊపిరాడదు, దానికేమో తోచదు. తోచని కుక్క సోఫా దిండు చీల్చి లోపల ఏముందో చూస్తుంది.

అందులోనూ మనం ఏరికోరి తెచ్చుకునేవి పనిరాక్షసుల జాతులు. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్లాండ్ జాలర్లకి నీళ్ళలో దిగి వలలు లాగిపెట్టాయి. బీగిల్ కుందేళ్ళ వాసన పట్టి పరిగెత్తే వేటకుక్క. ఎక్కడో వెనక వస్తున్న వేటగాడికి వినపడాలని దానికంత గొంతు. అపార్ట్‌మెంటులో ఆ గొంతు అన్ని అంతస్తులకీ వినపడుతుంది. హస్కీ మంచులో బండి లాగేది. దాన్ని రామగుండం ఎండల్లో ఏసీ గదిలో పెట్టి ఉద్యోగానికి వెళ్ళడమంటే, కరెంటు పోయినప్పుడల్లా గుండె గుప్పిట్లో పెట్టుకోవడమే. పగ్‌కి వేరే గొడవ. 2003లో హచ్ ఫోను ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగి అది దేశమంతటికీ ముద్దొచ్చింది. కానీ దాని ముక్కు నొక్కేసినట్టుంటుంది. కుక్కలు వగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటాయి, ఆ వగర్చడమే పగ్‌కి ఆయాసం. పగలు ఇంట్లో ఎవరూ ఉండని వాళ్ళకి నాలుగైదేళ్ళు నిండిన, నెమ్మదస్తురాలైన దేశవాళీ కుక్క నిక్షేపంలాంటిది. ఎండ దానికి అలవాటే, అల్లరి వయసూ దాటిపోయి ఉంటుంది. అయితే దత్తతకి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు కుక్కపిల్లల మీదే పడతాయి.

కుక్కపిల్లతో వచ్చే తంటా లెక్కతో సహా చెప్పొచ్చు. ఎన్ని నెలల వయసో సుమారు అన్ని గంటలు అది ఆపుకోగలదని ఒక మోటు లెక్క. రెండు నెలల పిల్లని ఆదివారం తెచ్చి, సోమవారం తొమ్మిదింటికి తాళం వేసి, రాత్రి ఏడింటికి తీస్తే ఇల్లంతా పాత పేపర్లు పరిచినా ఫలితం ఉండదు. పేపర్లు చింపడం దానికి అదనపు కాలక్షేపం. పెళ్ళిళ్ళకీ పుష్కరాలకీ సెలవు పెట్టేవాళ్ళు పిల్ల వచ్చినప్పుడు ఒక వారమైనా పెట్టాలి. ఆ వారంలో నేర్పవలసిన ముఖ్యమైన పాఠం ఒంటరిగా ఉండటం. చెప్పులేసుకుని, తాళాలు గలగలలాడించి, మళ్ళీ వచ్చి సోఫాలో కూర్చోవాలి. తర్వాత తలుపు బయట అయిదు నిమిషాలు. తర్వాత కిందకి వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేంత సేపు. లాక్‌డౌన్ కుక్కలు ఈ పాఠం తప్పిపోయాయి. 2020లో, ఆ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ ఇళ్ళలో పెరిగిన పిల్లలకి మనిషి బయటికి వెళ్ళి సాయంత్రం దాకా రాకపోవడమనేదే తెలియదు. కంపెనీలు ఆఫీసుకి రమ్మన్నాక రెండేళ్ళ వయసులో వాటికి అక్షరాభ్యాసం చేయించాల్సి వచ్చింది.

పొద్దున నడక దగ్గర చాలామంది పొదుపు చేస్తారు. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో గొలుసు, బరబరా లాక్కుపోయే అరగంట. దానికన్నా ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి తనివితీరా వాసన చూడనిచ్చే ఇరవై నిమిషాలు మేలు. కుక్కకి లోకం ముక్కులోంచే తెలుస్తుంది, ఆ నడకలోనే దాని బుర్రకి కాస్త పని దొరుకుతుంది. వేసవిలో ఆరు దాటకముందే తిప్పుకురావాలి. తారురోడ్డు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, కొన్ని సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు.

ఇక చెప్పులు తొడుక్కునే వేళకి అందించాల్సిన వస్తువొకటి ఉంది. దాని కథ ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్‌తో మొదలైంది. పోలీసు కొలువు చేసి రిటైరైన కుక్క. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గరికి చేరింది. పనిలేక రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకుంటోంది. ఒకరోజు ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ ఉంటే సస్పెన్షన్‌లోంచి తీసిన రబ్బరు ముక్క దాని కంటపడింది. రాళ్ళు వదిలేసి దాన్ని పట్టుకుంది. ఇప్పుడు కాంగ్ పేరుతో అమ్ముతున్న, మూడు ఉబ్బులతో లోపల డొల్లగా ఉండే ఎర్ర రబ్బరు బొమ్మ అలా పుట్టింది. తెలుగిళ్ళలో దాన్ని నింపడానికి పెరుగన్నాన్ని మించింది లేదు. ఉప్పు, తాలింపు, ఉల్లిపాయ తగలకుండా మెత్తగా పిసికి, ఉడికిన క్యారెట్టో ఎముక తీసిన కోడిమాంసమో కలిపి, వేలితో కూరి, రాత్రి ఫ్రీజర్‌లో పడేస్తే తెల్లారేసరికి గడ్డకడుతుంది. పొద్దున దాన్ని కుక్క ముందు పెడితే రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, నాలుక లోపలిదాకా పోనిచ్చి, మెతుకు మెతుకూ లాక్కుంటూ చాలాసేపు కూర్చుంటుంది. మొదటి అరగంట గండం అక్కడే గడుస్తుంది. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. జైలిటాల్ కలిసిన షుగర్‌లెస్ చూయింగ్‌గమ్ మరీ ప్రమాదం, ఆ ప్యాకెట్ టీపాయ్ మీద వదిలి వెళ్ళకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళ గిన్నెలు రెండుండాలి, ఒకటి తన్నేసినా రెండోది మిగులుతుంది. బాత్రూమ్ తలుపు తీసి ఉంచాలి, ఇంట్లో చల్లటి నేల అదే. ఫినాయిలు, యాసిడ్ సీసాలు మాత్రం అటకెక్కాలి.

ఇవన్నీ చేసినా మధ్యాహ్నం మధ్యాహ్నమే. స్వీడన్‌లో ఇంట్లో ఉంచే కుక్కని పగటిపూట కనీసం 6 గంటలకోసారి బయటికి తీసుకెళ్ళాలని నిబంధన. జర్మనీలో 2020లో అప్పటి వ్యవసాయ శాఖ మంత్రి యూలియా క్లోక్‌నర్ రోజుకి రెండుసార్లు, మొత్తం ఒక గంటకి తగ్గకుండా తిప్పాలని ప్రతిపాదిస్తే దేశమంతా నవ్వులూ వాదులాటలూ. చివరికి 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన నియమాల్లో గంటల లెక్క పోయి, తగినంత తిప్పాలనీ రోజుకి చాలాసార్లు పలకరించాలనీ మిగిలింది. మనకి అలాంటి గంటల నిబంధన లేదు. మనకున్నది పక్క ఫ్లాటు తాతగారు.

“తాతగారూ, ఏమీ అనుకోకపోతే మా బ్రూనోని మధ్యాహ్నం ఒక్క పది నిమిషాలు కిందకి తిప్పుతారా?”

“దానికేముందమ్మా, తాళంచెవి ఇచ్చి వెళ్ళు. బిస్కెట్ల డబ్బా ఎక్కడుంటుందో అదికూడా చెప్పు.”

ఈ ఏర్పాటుకి సాటి వచ్చే యాప్ ఏదీ లేదు. ఆయనకి భోజనం తర్వాత నాలుగడుగులు పడతాయి, కుక్కకి ఆపుకునే బాధ తీరుతుంది. నాలుగు నెలల తర్వాత డాక్టరు బ్రూనోని తూకమెక్కించి ఇంత ఒళ్ళెందుకొచ్చిందని అడిగితే, ఆ డబ్బా సంగతి అక్కడ ఎత్తకపోవడం మర్యాద.

తాతగారు లేనిచోట వాచ్‌మన్ భార్యో పనిమనిషో గతి. అక్కడొక అన్యాయం జరుగుతూ ఉంటుంది. అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం అని జీతం మాట్లాడుకుని, నెల తిరిగేసరికి కుక్కని కూడా చల్లగా ఆవిడకి అంటగడతారు. కుక్కని తిప్పడం వేరే పని, దానికి వేరే డబ్బివ్వాలి. అసలు ఆవిడకి కుక్కంటే భయమేమో ముందు కనుక్కోవాలి. డబ్బు పెట్టుకోగలిగితే డాగ్ వాకర్లు, డేకేర్లు ఉన్నాయి. చేర్చుకునే ముందు రేబిస్ టీకా కార్డు అడగని డేకేర్‌లో మనమే చేర్చకూడదు, అక్కడి మిగతా కుక్కల కార్డులూ అడిగి ఉండరు కదా. లిఫ్టులో కుక్కని ఎక్కనివ్వమని కమిటీవాళ్ళు అడ్డుపడితే జంతు సంక్షేమ బోర్డు 2015 సర్క్యులర్ చూపించొచ్చు. కుక్కల పెంపకాన్నీ, లిఫ్టులో తీసుకెళ్ళడాన్నీ సంఘాలు నిషేధించడానికి వీల్లేదని అందులో ఉంది. కాకపోతే లిఫ్టు తడిసినప్పుడు ఆ సర్క్యులర్‌తో తుడవలేం, సంచిలో ఒక గుడ్డ ఉండాలి.

ఎవరి చేతిలో తాళంచెవి ఉంటే వాళ్ళు కుక్కకి సొంతమనుషులవుతారు. సెలవురోజున కూడా అది మధ్యాహ్నం ఒంటిగంటకి తాతగారి తలుపు దగ్గర నిలబడుతుంది. టీకాలు, తిండి, ఈఎంఐలో కొన్న పరుపు అన్నీ మనవి, ప్రేమ మాత్రం ఆయనకి. ఇది చూసి ఉడుక్కునేవాళ్ళున్నారు. ఉడుక్కోకూడదు. ఉద్యోగస్తుల ఇంట్లో కుక్కకి ఇద్దరు యజమానులుండటమే దాని అదృష్టం.

సాయంత్రం తలుపు తీశాక అసలు నాటకం. హాలు మధ్యలో కొత్త చెప్పు, దాని పట్టీ లేదు. కుక్క చెవులు వాల్చి, తల దించి, పక్క చూపులు చూస్తోంది. “చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు” అంటారు. అమెరికాలోని బర్నార్డ్ కాలేజీలో కుక్కల ప్రవర్తనని చదివే అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 2009లో ఈ మాటకే పరీక్ష పెట్టారు. 14 కుక్కలు. ఎదురుగా ఉన్న తాయిలాన్ని తినొద్దని కుక్కకి చెప్పించి యజమానిని బయటికి పంపి, కొన్నిసార్లు కుక్క తిందనీ కొన్నిసార్లు తినలేదనీ జరిగినదానితో నిమిత్తం లేకుండా ఆ యజమానికి చెప్పారు. తిన్నా తినకపోయినా కుక్క ఆ ‘దోషి మొహం’ యజమాని తిట్టినప్పుడే ఎక్కువగా పెట్టింది. తినని కుక్కలు తిట్లు పడ్డప్పుడు ఇంకా ఎక్కువ దోషుల్లా కనిపించాయి. పొద్దున పదింటికి నమిలిన చెప్పుకి రాత్రి ఏడింటికి వేసే కేకలకి అర్థం ఒక్కటే: ఈయన ఇంటికొచ్చినప్పుడు కోపంగా ఉంటాడు. మర్నాడు అది తలుపు చప్పుడుకే బెదిరిపోతుంది. చెప్పులకి స్టాండు కొనుక్కోవడం చవక.

ఆ వేళకి దానికి కావలసింది మళ్ళీ ఒక నడక. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఉన్నవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. జిహెచ్ఎంసి 2018లో అక్కడ 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే పార్కు తెరిచింది. మిగతావాళ్ళకి టెర్రస్, సెల్లారు, వీధి.

కుక్కని ఆఫీసుకే తీసుకెళితే పోలేదా అంటే, సియాటిల్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళకి అది చూసిన వింతే. అమెజాన్ తొలిరోజుల్లో ఒక ఉద్యోగి జంట రూఫస్ అనే కోర్గీని రోజూ వెంట తెచ్చుకునేవాళ్ళు. అప్పట్నుంచి అక్కడ కుక్కలకి ప్రవేశముంది. 2024లో ఆ కంపెనీ కొనుగోళ్ళకి సాయపడే తన ఏఐకి ఆ కుక్క పేరే పెట్టుకుంది.

మన దగ్గర కుక్కకి ఆఫీసు ప్రవేశం ఎలా ఉన్నా, చట్టంలో మాత్రం 1960లోనే చోటు దొరికింది. ఎప్పుడూ గొలుసుకి కట్టి గానీ ఇరుకులో బంధించి గానీ ఉంచే కుక్కని తగినంత తిప్పకపోతే, తిప్పించకపోతే యజమాని నేరస్తుడని జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. తిప్పకపోతే అని ఊరుకోకుండా తిప్పించకపోతే అని కూడా రాసినవాళ్ళు, ఇంటాయనకి ఉద్యోగం ఉంటుందని ముందే ఊహించినట్టున్నారు. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకి ఇవాళ డాగ్ వాకర్ ఫోను కూడా ఎత్తడు.